దేవునికి లింకు అక్కర్లేదు

మా కార్గో కంపెనీలో నా ఉద్యోగం పేరు డేటా ప్రైవసీ కంప్లయన్స్ ఆఫీసర్. పని మాత్రం జనాన్ని బెదిరించడం. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వెనక గోదాముల వరసలో మాదొకటి. సరుకు పంపేవాళ్ల ఆధార్లు, ఫోన్ నంబర్లు, సంతకాలు అన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. వాటిని ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో నేను చెప్పాలి. పాస్‌వర్డు చీటీ మీద రాసి కంప్యూటర్‌కు అంటించుకున్నవాళ్లను నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాను. అందుకే క్యాంటీన్‌లో నా పక్కన ఎవరూ కూర్చోరు.

అంతటి నా గుట్టును మా అమ్మ యేసుమణి రట్టు చేసింది.

నాకు మూడో నెల. పోయినేడు ఒకటి నిలవలేదు, కాబట్టి ఈసారి ఐదో నెల వచ్చేదాకా నోరు మెదపకూడదని నేనూ మా ఆయనా అనుకున్నాం. పైగా ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావస్తోంది. పర్మినెంట్ చేస్తారో, ఇంటికి పంపుతారో ఈ నెలాఖరుకు తేలుతుంది. కడుపుతో ఉన్నదాన్ని పర్మినెంట్ చేసేంత దయ మా కంపెనీకి లేదు. ఒక్క అమ్మకు చెప్పాను, అదీ ఒట్టు వేయించుకుని.

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి ఇమ్మాన్యుయేలన్న నన్ను ఆపి గర్వంగా ఫోన్ చూపించాడు. ప్రార్థన మనవులు ఇదివరకు చీటీల మీద రాసి చెక్కపెట్టెలో వేసేవాళ్లం. ఆయన వాటిని క్లౌడ్‌లో ఒక షీటుగా మార్చి, లింకు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మూడువందల నలభై మంది. లింకు దొరికిన ఎవరైనా తెరవొచ్చు. పొద్దున లేస్తే శుభోదయాలు భరించలేక నేను ఆ గ్రూపు చూడటం ఎప్పుడో మానేశాను.

ఆ షీటులో సత్తయ్య తాగుడు, భాగ్యమ్మ గర్భసంచి ఆపరేషను, పాండు సంబంధం ఎందుకు తప్పిపోయిందో మొత్తం కథ. నలభై ఏడో వరసలో: ‘యేసుమణి బిడ్డ జెరూషా. మూడో నెల. పోయినసారి పోయింది. ఈసారి నిలవాలె.’

అమ్మ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది. నేరుగా వెళ్లి నిలదీశాను.

“ఎవ్వలికి చెప్పొద్దన్న గదనే!”

“ఎవ్వలికి చెప్పిన బిడ్డా? దేవునికే చెప్పిన.”

“మూడొందల నలభై మంది ముంగటనా?”

“నేనొక్కదాన్ని అడిగితే ఎప్పుడు వింటడో ఏమో. గింతమంది అడిగితే జల్ది వింటడు.”

ఈవిడతో లాభం లేదని ఇమ్మాన్యుయేలన్న మీద పడ్డాను. “రోగాలు గిట్ల బజార్ల పెడతరా అన్నా? ఒక్కలనన్న అడిగినవా? చట్టముంది, ఎరికేనా?”

“దేవుని పనికి చట్టమేందమ్మా? జర నిమ్మళం.”

“దేవునికి లింకు అక్కర్లేదన్నా. మూసెయ్.”

మూసేదాకా కదల్లేదు. ఆయన ఎక్కడ నొక్కాలో తెలియక తడుముకుంటుంటే ఫోన్ నేనే తీసుకున్నాను. అప్పుడు చూశాను, చివరి గడిని. ‘ప్రార్థించినవారు’ అని ఉంది. నా వరస ఎదురుగా ఇరవై రెండు తేదీలు. ప్రతి తేదీ పక్కనా ఒకటే పేరు, కరుణ్.

కరుణ్ మా సంఘ పెద్ద. ఆఫీసులో నా మేనేజరు కూడా. ఆదివారం అన్న, సోమవారం సార్. నన్ను ఉంచాలో వద్దో రాసేది ఆయనే. మూడు వారాల కిందట గోదాము పై అంతస్తు తనిఖీ నా నుంచి తీసేసి నా పక్క సీటు మాధవీలతకు ఇచ్చాడు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. మెల్లగా ఒక్కో పనీ తప్పించి, చివరికి ‘పని లేదు, పోయి రా’ అంటాడు. ప్రార్థన ఇంట్లో, కోత ఆఫీసులో! ఒళ్లు మండిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేశాను.

“నా సంగతి మీకు తెలుసు. ఇగ ఏం రాస్తరో రాయుండ్రి సార్.”

ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. నా పర్మినెంట్ ఫారం. శుక్రవారమే పంపేశాడు. తొమ్మిదో ప్రశ్న: ‘ఈ ఉద్యోగి వచ్చే ఏడాదిలో ఎక్కువ రోజులు సెలవు పెట్టే అవకాశం ఉన్నట్టు మీకు తెలుసా?’ జవాబు: ‘తెలియదు.’

“మరి పై అంతస్తు ఎందుకు తీసేసిన్రు?”

“ఆ ఇనుప మెట్లు చూసినవా? వానపడితే నేనే జారుతున్న.”

పోట్లాటకు రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

“సంఘ పెద్దనై ఉండి కాయితం మీద అబద్ధం రాసిన,” అన్నాడాయన. “నా కోసం జర ప్రార్థన చెయ్యమ్మా. షీట్ల మాత్రం పెట్టకు.”

నవ్వుకుంటూ నా సీటుకు వచ్చి ఆ ఫారం తెరిచాను. మనుషుల గురించి అక్కర్లేని సంగతి అడగకూడదన్నది నా శాఖలో మొదటి పాఠం. ఇంత దరిద్రపు ప్రశ్నను ఏ వెధవ ఆమోదించాడో చూసి కడిగేద్దామనుకున్నాను. అడుగున నా పేరే ఉంది. చేరిన మొదటి వారంలో, చదవకుండా ‘ఆమోదం’ నొక్కిన ముప్ఫై ఫారాల్లో ఇదొకటి.

ప్రశ్నను కొట్టేశాను. ఆ తర్వాత, ఇంతవరకు నింపిన ఫారాలు చూశాను. నాది కాక పదకొండు. తొమ్మిదింటిలో ‘తెలియదు’, రెండింటిలో ‘తెలుసు’. ఆ రెండిట్లో ఒకటి మా ఆఫీసులోనే పనిచేసిన కళ్యాణిది. ఆగస్టులో ఆమెను పర్మినెంట్ చేయకుండా ఇంటికి పంపిన రోజు వీడ్కోలు కేకు తెప్పించి, చప్పట్లు కొట్టించింది నేనే.