ఉప్పలయ్య పెద్ద అక్షరాలు

నాచారంలో మా ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో ఉప్పలయ్య ఇరవై రెండేళ్లుగా మెషిన్ నడుపుతున్నాడు. అతను ఇంగ్లిషు నేర్చుకున్నది బళ్లో కాదు, ఆ మెషిన్ బటన్ల మీదే. వాటి మీద రాతలన్నీ పెద్ద అక్షరాలు కాబట్టి అతనికి వచ్చినవీ అవే.

మొన్న మెషిన్‌లోంచి పొగ వస్తే ఎవర్నీ అడక్కుండా ఆపేశాడు. దానికి మెమో ఇచ్చారు. ఎందుకు ఆపాడో మూడు రోజుల్లో స్వదస్తూరీతో రాసివ్వాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది. అదీ ఇంగ్లిషులోనే. హెడ్డాఫీసు వాళ్లకి తెలుగు రాదు మరి.

తంటాలుపడి రాసిచ్చాడు. కొత్తగా వచ్చిన హెచ్‌ఆర్ ఆఫీసరు రిషి ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పడేశాడు. నేను టైమ్ ఆఫీసు గుమాస్తాని.

"చలపతిరావుగారూ, అన్నీ క్యాపిటల్సే! నా మీద అరుస్తున్నట్టుంది. మర్యాదగా రాసి సాయంత్రంలోగా ఇమ్మనండి."

నాకు ఒళ్లు మండింది. పైకి మాత్రం "అలాగే సార్" అన్నాను. నా ఉద్యోగమంతా ఆ రెండు మాటలతోనే గడిచింది.

ఉప్పలయ్యను పిలిచి, వాక్యం మొదట్లో ఒక్కటే పెద్దక్షరం, మిగతావి చిన్నవి ఉండాలని చెప్పాను.

"గదేంది సార్? మొదట్ల ఉన్నదానికే ఏం గొప్ప? మన తెలుగుల అన్నీ ఒక్క తీర్గనే ఉంటయి గద!"

"వాళ్ల పద్ధతి అంతే ఉప్పలయ్యా."

"నాకు సిన్నయి రావు సార్. జర మీరే రాయిన్రి, సంతకం నేను జేస్త."

నేర్పడానికి టైమెక్కడుంది? నేనే రాసిపెట్టాను. ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను, నా బుద్ధికి.

సాయంత్రం ఇద్దరం వెళ్లాం. రిషి చదివి తలూపాడు.

"బాగుంది. నువ్వే రాశావా?"

"అవ్ సార్."

"అయితే ఒకసారి చదువు."

ఉప్పలయ్య కాగితం పట్టుకున్నాడు. "ఐ" అన్నాడు గట్టిగా. పక్కనున్నది స్టాప్ అన్న మాటే. రోజూ నొక్కే బటన్ మీద ఉండేదే. చిన్న అక్షరాల్లో దాన్ని గుర్తుపట్టలేకపోయాడు. కింది వాక్యానికి దిగి "ఎస్" అన్నాడు. ఆ కింద "టి" అని ఆగిపోయాడు. ఇక చదవడానికి పెద్దక్షరాలు లేవు.

"అబద్ధం కూడానా?" అన్నాడు రిషి. కాగితాన్ని ఫైల్లో పెట్టేశాడు.

నేను రాశానని చెప్పాలి. కానీ నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది.

ఉప్పలయ్య నా వైపు తిరగనైనా లేదు. తిరిగితే నేను దొరికిపోతానని.