పదకొండు మగతీగలు

చీపురుపల్లి పక్క ఊళ్లో జగన్నాధానికీ అతని భార్య కుమారికీ ముప్పై సెంట్ల మెట్ట ఉంది. ఆ ఏడు అందులో ఆగాకర వేద్దామన్నది కుమారి. దుంపలు కన్నవారింటి నుంచి తెచ్చింది. ఏవి ఆడవో ఏవి మగవో వాళ్లమ్మ బుల్లమ్మ గుర్తుపట్టి, వేర్వేరు సంచుల్లో కట్టి ఇచ్చింది. పది ఆడతీగలకు ఒక మగతీగ వచ్చేలా కుమారి నాటింది. శ్రావణంలో తీగలు పందిరెక్కి పూతకొచ్చాయి.

అప్పుడే కుమారి అరసవల్లిలో తన చెల్లెలికి ఒంట్లో బాగులేదని తెలిసి వెళ్లి, నాలుగు రోజులుండి వచ్చింది. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా చేలోకే నడిచింది. గట్టు మీద తీగలు కుప్పగా పడి ఎండుతున్నాయి. ఒక్కొక్కటే లాగి చూసింది. పదకొండూ మగతీగలే. చేలో ఒక్కటీ మిగల్లేదు.

జగన్నాధం ఏమీ దాచలేదు. రాజాంలో ఎరువుల కొట్టు ప్రమోద్‌ని అడిగాడట. పూయడమే గాని పిందె పట్టని తీగలు గొడ్డువనీ, ఎరువంతా తినేస్తాయనీ, పీకెయ్యమనీ అతను చెప్పాడట.

“నాకొక్క ఫోను సెయ్యలేకపోనావా బావా?” అంది కుమారి.

“కాయని తీగకి ఫోనేటి?”

ఆమె కోపం అణచుకుని విడమరిచి చెప్పింది. ఆడపువ్వు విచ్చకముందే దాని కింద చిన్న ముళ్ల పిందె ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన కాయ పట్టినట్టు కాదు. మగపువ్వు పుప్పొడి అందితేనే లోపల గింజ కడుతుంది, గింజ కడితేనే కాయ ఊరుతుంది. అందకపోతే నాలుగు రోజులకు పసుపెక్కి రాలిపోతుంది. జగన్నాధం నవ్వి కొట్టిపారేశాడు.

వారం తిరిగేసరికి పందిరి కింద నేలంతా పసుపెక్కిన పిందెలే. అప్పటికీ ఆమె ఓర్చుకునేదేమో. కానీ అత్తవారిచ్చిన దుంపలే పుచ్చువని టీకొట్టు దగ్గర మొగుడు చెప్పుకుంటున్నాడని తెలిసింది. తన తప్పు తీసుకెళ్లి ఆమె తల్లి నెత్తిన పెట్టాడు. కుమారికి ఒళ్లు మండిపోయింది. రాలిన పిందెలు కొంగులో ఏరుకుని టీకొట్టుకి పోయి, నలుగురూ కూర్చున్న బల్ల మీద పోసింది. ఒకదాన్ని గోటితో చీల్చి అతని ముందు పెట్టింది.

“సూడు బావా. గింజెక్కడున్నాది? మాయమ్మ దుంపలకేటి రోగం? మొలిసినాయి, పూసినాయి. మగతీగలు నువ్వు పీకినావు. ఆ మాట ఈళ్లకి సెప్పు.”

ఇంటికి పదమన్నాడతను. చెప్పాకే వస్తానంది. టీ తాగుతున్నవాళ్లు తల దించుకున్నారు. జగన్నాధం గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“నానే పీకినాను,” అన్నాడు చివరికి.

మర్నాడు తెల్లవారగానే అతనే బండి మీద బుల్లమ్మ ఊరికి పోయి, తడిగుడ్డలో మగపూలు తెచ్చాడు. రేకులు వెనక్కి మడిచి, ఆడపువ్వు నడిమధ్యన మెల్లగా ఎలా తాకించాలో కుమారి చూపించింది. అతని మోటు వేళ్లకు మొదటి రోజు సగం పూలు నలిగిపోయాయి. అతని ముఖం చూడకుండానే ఇంకో పువ్వు అందించింది ఆమె. నెలపాటు రోజూ అదే పని. పుప్పొడి అందిన పిందెలు పచ్చగా నిలిచి ఊరాయి. రాలినవి మాత్రం రాలినవే. సగం పంట పోయింది.

మొదటి కోత సంతకి తోలిన రోజు కుమారి రాజాం వెళ్లింది. ప్రమోద్ కొట్టు గల్లా మీద ఒక కాయ కోసి, లోపలి గింజలు చూపించింది. తెలియని సంగతికి తెలియదని చెప్పాలంది. మీ ఆయనే సరిగ్గా అడగలేదని అతను ముఖం తిప్పుకుని కుమారి వెనక నిలబడ్డ ముసలావిడను పిలిచాడు.

ఆవిడ వచ్చిందీ ఇలాంటి సంగతికేనట. ఇంటి వెనక పెట్టిన బొప్పాయిల్లో ఒకటి ఉత్త పూతే పూస్తోంది, కాయ పట్టదు, నరికెయ్యాలా అని అడిగింది. ప్రమోద్ నోరు తెరవబోయాడు.

“ఉండవయ్యా,” అని కుమారి ముసలావిడ వైపు తిరిగింది. “నరక్కు పిన్నీ. ముందు ఆ పూలెలాగున్నాయో నాకు సెప్పు.”