బిళ్ళల ఫ్యాక్టరీ వీధిలో పళ్ళ గది

పొద్దున్న ఏడింటికి పళ్ళ గది తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. రోగుల్ని మాత్రం లోపలికి రానివ్వడం లేదు. నలుగురు కూలీలు నేలకి బిగించిన బోల్టులు ఊడదీసి, పళ్ళ కుర్చీని ఒరిగించి మెట్ల మీంచి దించుతున్నారు. వీధిలో ముప్పై మందికి పైగా నిలబడి చూస్తున్నారు. ఒకడు దవడకి తువ్వాలు చుట్టుకున్నాడు. ఒక తల్లి చంకలో పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరిచి ఊరికే వణుకుతోంది. కుర్చీ లారీ ఎక్కింది. మందుల బీరువా ఎక్కింది. పిల్లలకి పంచే బ్రష్షుల పెట్టె కూడా ఎక్కింది.

ఆ గుంపులో మూగక్క ఉంది. పక్కన ఆమె చెల్లెలు.

మూగక్క మూగది కాదు. ఎదురుగా ఉన్న బిళ్ళల ఫ్యాక్టరీలో పదహారేళ్ళుగా పిప్పరమెంటు బిళ్ళలకి కాగితం చుడుతోంది. ఆ ఫ్యాక్టరీలో గాలి కూడా తీపే. చక్కెర దుమ్ము పన్నెండు గంటల పాటు పెదాల మీదా నాలుక మీదా చిగుళ్ళ మీదా పేరుకుంటుంది. ముప్పై రెండేళ్ళకే ఆమె ముందుపళ్ళు నాలుగూ నల్లబడి ఒకదాని వెనక ఒకటి రాలిపోయాయి. అప్పట్నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోందే మాట్లాడదు. అలా మాట్లాడింది ఎవరికీ వినబడదు. కాలనీ వాళ్ళు ఆ పేరు పెట్టేశారు, అదే నిలిచిపోయింది.

చెల్లెలు వేరే బాపతు. పాకం కాచే చోట పని. ఆ పొయ్యిల సెగలో కూడా పక్కవాళ్ళని నవ్వించకుండా ఉండలేదు. ఇవాళ మాత్రం కింది దవడ రాయిలా ఉబ్బి, మాట ఒక పక్క నుంచే వస్తోంది.

"నర్సమ్మా, ఆ కుర్చీ పోతే పోయింది. నేనీ గట్టు మీద కూచుంటా. ఈ ఒక్క పన్నూ పీకేసి వెళ్ళండి" అంది.

నర్సమ్మ ప్రత్యేకంగా పళ్ళ వైద్యం నేర్చుకున్న మనిషి. తొమ్మిదేళ్ళుగా ఆ గదిని నడిపింది. బడులకి వెళ్ళి పిల్లల నోళ్ళు చూసేది, ఇంటింటికీ తిరిగేది. ఆమె చెల్లెలి దవడ కింద వేలు పెట్టి నొక్కింది. ఆమె మొహం మారింది. లారీ దగ్గర సామాన్ల జాబితా రాసుకుంటున్న పురపాలక గుమాస్తా దగ్గరకి పరుగెత్తింది.

"గుమాస్తాగారూ, ఒక్క పెట్టె దించండి. సూదిమందు, పట్టకారు, అంతే. ఈ అమ్మాయికి లోపల చీము పట్టింది. ఇవాళ తియ్యకపోతే గొంతులోకి దిగుతుంది."

"ఆర్డరమ్మా. నిధులు లేవు. గది మూసేశాం."

"ఎందుకు లేవు? ఫ్యాక్టరీ నుంచి బయటికెళ్ళే ప్రతి పెట్టె మీదా ఈ గదికి ఇంత కట్టాలని వీళ్ళ పెద్దలు సమ్మె చేసి సాధించుకున్నారు కదా?"

"అది మాఫీ అయింది. బదులుగా కంపెనీవాళ్ళు ఊరి మొదట్లో దీపాల తోరణం కట్టిస్తారు. ఊరికి అందం."

బోసి మేస్త్రీ గుంపులోంచి ముందుకొచ్చాడు. నలభై ఏళ్ళు పాకం కాచి, నోట్లో ఒక్క పన్నూ మిగలని ముసలాయన. "మంచిదే బాబూ. మా నోళ్ళ అందం తీసి ఊరికి తగిలిస్తున్నారన్నమాట!"

అందరూ నవ్వారు. లారీ కదిలింది. దాన్ని ఎవరూ ఆపలేదు. ఆ రోజు నవ్వినందుకు తర్వాత చాలామంది సిగ్గుపడ్డారు.

చెల్లెలు తిన్నగా పనిలోకి పోయింది. పోక ఏం చేస్తుంది? ఒక పూట మానేస్తే ఆ చోటుకి గేటు బయట పదిమంది కాచుకుని ఉంటారు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. సూపర్‌వైజరు వచ్చి చూసి, జేబులోంచి రెండు నొప్పి బిళ్ళలు తీసి చేతిలో పెట్టాడు.

"పంటి నొప్పికి ఇంత యాగీ ఏంటి? ఇంటికి పోతే రేపు రావక్కర్లేదు."

ఆమె పంటి బిగువున సాయంత్రం దాకా నిలబడింది. షిఫ్టు దిగేటప్పుడు ఎప్పట్లాగే ఒక్కొక్కరికి ఒక్కొక్క పొట్లం ఇచ్చారు. విరిగిన బిళ్ళలు. కంపెనీ దాన్ని బోనస్ అంటుంది. కాలనీలో ఆ పొట్లం లేని ఇల్లు లేదు. అన్నం ఉడికే లోపు ఆకలికి ఏడ్చే పిల్ల నోట్లో ఒక ముక్క పెడితే నోరు మూతపడుతుంది.

మర్నాడు మూగక్క పని మాని చెల్లెల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు బస్సులు మారాలి. అక్కడ పళ్ళ విభాగం వరండాలో నేల కనబడనంత మంది. చీటీ రాసేవాడు తలెత్తకుండానే మూడు వారాల తర్వాత తేదీ వేసి ఇచ్చాడు.

"దీనికి ఊపిరాడటం లేదయ్యా" అంది మూగక్క, చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏంటి? వినబడటం లేదు. తర్వాత ఎవరు?"

వెనకవాళ్ళు తోసుకొచ్చారు. మూగక్క ఇంకోసారి అనలేకపోయింది. వరండాలో గోడకి చెల్లెల్ని ఆనించి కూచోబెట్టి, వచ్చే పోయే తెల్లకోటునల్లా పట్టుకుని బతిమాలింది. మూడు గంటలు. చెల్లెలి మెడ, గడ్డం ఒకటైపోయాయి. నాలుక పైకి లేచి నోరంతా నిండింది. మాట రాక అక్క అరచేతిలో వేలితో ఏదో గీసింది. ఏం గీసిందో మూగక్కకి అర్థం కాలేదు. అప్పటికి ఒక కుర్ర డాక్టరు చూసి, కేకలు పెట్టి, స్ట్రెచరు మీద లోపలికి తోసుకుపోయాడు.

గంట తర్వాత బయటికొచ్చి ఆయనే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"చీము గొంతు మూసేసిందమ్మా. ముందే ఒక్క పన్ను తీసేసి ఉంటే సరిపోయేది. పది నిమిషాల పని."

గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. గొడ్డలి కూడా ఆలస్యంగా వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల పిప్పిపన్నుతో చచ్చిపోయింది.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం కొళాయి దగ్గర జనం పోగయ్యారు. రమ్మని ఎవరూ పిలవలేదు. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి నిలబడ్డారు. నర్సమ్మ కూడా వచ్చింది. మూగక్క కొళాయి దిమ్మ మీద కూచుని ఉంది.

"అర్జీ పెడదాం. అందరం సంతకాలు చేద్దాం" అన్నాడొకడు.

"ఏ ఆఫీసులో పెడతావు?" అన్నాడు బోసి మేస్త్రీ. "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం? అన్ని ఆఫీసుల గోడలూ ఒకేలా గట్టివి. నేను కొట్టుకుని చూశాను."

"మరేం చేద్దామంటావు? పని ఆపుదామంటావా?" అని లేచాడు డ్రైవరు. కంపెనీ లారీ నడుపుతాడు, ఇంట్లో ఆరుగురు. "పళ్ళు లేకపోయినా బతకొచ్చు మేస్త్రీ, నువ్వు బతకడం లేదూ? కూలి పోతే నమలడానికేం ఉంటుంది? పోయిన పిల్ల పోయింది. ఉన్నవాళ్ళ నోటికాడ కూడు పడగొట్టకండి."

"అది కూడా నిజమే" అన్నారు నలుగురైదుగురు. "తల వాచినా దవడ వాచినా మన ఖర్మ" అందొక ముసలమ్మ. మాటలు పెరిగాయి. ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఎవరి భయం వాళ్ళది, అందరి భయమూ ఒకటే.

అప్పుడు మూగక్క లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అంది.

"పెద్దగా చెప్పక్కా, వినబడటం లేదు" అన్నారెవరో అలవాటుగా.

ఆమె చెయ్యి తీసేసింది. చాలామంది ఆమె నోరు చూడటం అదే మొదటిసారి. నల్లటి చిగుళ్ళు, మధ్యలో ఖాళీ.

"చూడండి" అంది. "నిన్న ఈ చెయ్యి అడ్డం పెట్టుకునే ఆసుపత్రిలో బతిమాలాను. వాడికి వినబడలేదు. సిగ్గుపడి నెమ్మదిగా అడిగాను, నా చెల్లెలు పోయింది. మా అమ్మ పోయినప్పుడు దానికి మూడేళ్ళు. నేనే పెంచాను. తర్వాత ఫ్యాక్టరీలో చేరి రోజూ పొట్లం తెచ్చి, ఆకలేస్తే ఇదే పెట్టాను. ఇంత ముద్ద లేకపోయినా తీపి పెడుతున్నానని మురిసిపోయాను. నా చేత్తో నేనే దాని నోట్లో చావు పెట్టాను."

పిల్లల్నెత్తుకున్న తల్లులు తలలు దించుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఆ పొట్లం ఉంది.

నర్సమ్మ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "నువ్వు పెట్టింది ఆకలికమ్మా. ఆ ఆకలి ఎవరు పెట్టారు? కూలి ఇవ్వాల్సిన చోట చక్కెర చేతిలో పెట్టిందెవరు? దుమ్ములో పన్నెండు గంటలు నిలబెట్టిందెవరు? ఆ రోగం చూసే గదిని లారీ ఎక్కించిందెవరు? తొమ్మిదేళ్ళు మీ నోళ్ళు చూశాను. ఇన్ని నోళ్ళు ఒక్కలా చెడితే అది బద్ధకం కాదు, ఖర్మ కాదు. దానికి కారకులున్నారు, వాళ్ళకి ఆఫీసులున్నాయి."

"అయితే ఆ ఆఫీసుకే పోదాం" అంది మూగక్క. "అర్జీ వద్దు. పొట్లాలు తీసుకురండి."

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టు లోపలికి పోలేదు. నాలుగొందల మంది ఊళ్ళోకి నడిచారు. గేటు దగ్గర సూపర్‌వైజరు ఒక్కొక్కరినీ బెదిరిస్తూ గొంతు పోగొట్టుకున్నాడు. పురపాలక ఆఫీసు కాపలావాళ్ళు అడ్డుకునే లోపే ఆడవాళ్ళు చైర్మన్ గదిలో ఉన్నారు. మూగక్క తన పొట్లం విప్పి ఆయన బల్ల మీద పోసింది. వెనకామె పోసింది. ఆ వెనకామె పోసింది. ఎర్రవీ పచ్చవీ విరిగిన బిళ్ళలు ఫైళ్ళ మీంచి జారి నేలంతా పడ్డాయి.

"ఏంటిది? పద్ధతేనా ఇది?" చైర్మన్ లేచాడు. "మీరు పళ్ళు తోముకోకపోతే దానికి నేనా బాధ్యుణ్ణి? ఇంటికొక బ్రష్షు కొనుక్కోలేరా?"

"మా కొళాయికి రోజూ అరగంట నీళ్ళొస్తాయి. తాగాలా, వండుకోవాలా, తోముకోవాలా?" అందొకామె.

"మా పిల్లలకి తోముకోవడం నేర్పే నర్సమ్మనే తీసేశారు కదయ్యా!" అంది ఇంకొకామె.

"పెట్టెకింత అని మా పెద్దలు సాధించింది మాఫీ చెయ్యడానికి మీరెవరు?" అంది మూగక్క. చెయ్యి కిందే ఉంది. మాట కాస్త గాలిపోయినట్టు వస్తోంది గాని, బయట వరండా దాకా వినబడింది. "అది మా కూలిలో ముక్క. మా గది మాకు తెరవండి. బడులకి నర్సులు కావాలి. కాలనీకి నీళ్ళు కావాలి. ఆ తోరణం మీ ఇంటికి కట్టుకోండి."

"బడ్జెట్ అయిపోయింది. వచ్చే ఏడాది ఆలోచిస్తాం."

"వచ్చే ఏటికి ఎంతమందిని మట్టి చెయ్యమంటారు?"

చైర్మన్ ఫోను అందుకున్నాడు. ఎవరికి చేస్తున్నాడో అందరికీ తెలుసు. ఈ లోపు బయట నుంచి కేక వచ్చింది. వెనక షెడ్డులో పాత బల్లల మధ్య బోసి మేస్త్రీకి పళ్ళ కుర్చీ కనబడింది. బీరువాకి సీలు కూడా తియ్యలేదు. నలుగురు దించిన కుర్చీని నలభై మంది ఎత్తారు. ఊరి మధ్య వీధుల గుండా, దుకాణాల వాళ్ళు బయటికొచ్చి చూస్తుండగా, బీరువాతో సహా ఫ్యాక్టరీ వీధికి మోసుకొచ్చారు. పళ్ళ గదికి తాళం వేసి ఉంది. గది ముందు నడివీధిలోనే కుర్చీ దించారు.

నర్సమ్మ చేతులు కడుక్కుంది. "ముందు ఎవరు?"

నిన్న అంత మాటన్న డ్రైవరు దవడ పట్టుకుని ముందుకొచ్చాడు. "రెండు నెలల్నుంచి ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు" అన్నాడు నేల చూస్తూ.

పదకొండు మందిని చూసేసరికి రెండు పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఇన్‌స్పెక్టరు దిగి లాఠీతో కుర్చీ మీద కొట్టాడు.

"ప్రభుత్వ ఆస్తి దొంగతనం. ఎవరు తెచ్చారు దీన్ని?"

"దొంగతనం చేసి మళ్ళీ ఉన్నచోటే పెట్టేవాళ్ళని ఎక్కడైనా చూశారా బాబూ?" అన్నాడు బోసి మేస్త్రీ. లాఠీ ఆయన భుజం మీద పడింది. ముసలాయన మోకాళ్ళ మీద కూలిపోయాడు.

గుంపు ముందుకి ఉరికింది. నర్సమ్మ చేతులు చాపి ఆపింది. కుర్చీలో ఒక పిల్ల ఉంది, సగం పని అయింది. "ఒక్క నిమిషం. పన్ను బయటికి రానివ్వండి, తర్వాత ఎక్కడికంటే అక్కడికొస్తాను." పన్ను తీసి, దూది పెట్టి, తల్లికి జాగ్రత్తలన్నీ చెప్పి, అప్పుడు వ్యాను ఎక్కింది. మేస్త్రీని ఈడ్చి ఎక్కించారు. మూగక్కని జుట్టు పట్టుకుని ఎక్కించారు, వ్యాను తలుపు తగిలి పెదవి చీలింది.

"ఇది ఇక్కడితో అయిపోయింది. పనుల్లోకి పొండి" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

అప్పుడే రెండో షిఫ్టు సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. రెండో షిఫ్టు వాళ్ళు మూడొందల మంది గేటు ముందే ఉన్నారు. కానిస్టేబుళ్ళు లాఠీలు అడ్డంగా పట్టుకుని వాళ్ళని లోపలికి తోస్తున్నారు. ఎవరూ గడప దాటలేదు. నోట్లో నెత్తుటి దూదితో డ్రైవరు వెళ్ళి వ్యాను చక్రం ముందు కూచున్నాడు. అతని పక్కన పాకం కాచే ఆడవాళ్ళు కూచున్నారు. వాళ్ళ వెనక వీధి వీధంతా కూచుంది.

మూగక్క వ్యాను కిటికీ చువ్వలు పట్టుకుని, చీలిన పెదవితో అరిచింది. "పళ్ళ గది తెరవాలి!"

"తెరవాలి!" అంది వీధి.

సైరన్ రెండోసారి మోగింది. పెద్దల సమ్మె తర్వాత ఇన్నేళ్ళలో రెండోసారి మోగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. పాకం పొయ్యిల చిమ్నీలోంచి, పొద్దుట్నుంచి సన్నబడుతూ వచ్చిన పొగ ఆగిపోయింది.