ఆ స్పీకర్లకు తగిన రిసీవర్

"గుడ్డ తడిగా లేదు కదా?" అన్నారు మా ఆయన జశ్వంత్, పేపరు మీంచి తలెత్తకుండానే.

లేదన్నాను. ఆదివారం పొద్దున్న హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని ఆయన స్పీకర్లు తుడుస్తున్నాను. మా నిజాంపేట రోడ్డులో అపార్టుమెంట్ల కోసం రోజూ ఎక్కడో ఒకచోట బండలు పేలుస్తూనే ఉంటారు. కిటికీలు మూసినా దుమ్ము ఆగదు. నల్లటి పాలిష్ మీద వేలిముద్ర పడినా ఆయనకి కనిపిస్తుంది. మా పాప బుజ్జి గౌను మీద రెండు రోజులుగా ఉన్న ఇంకు మరక మాత్రం కనిపించదు.

బంజారాహిల్స్‌లో ఉండే ఎవరో విదేశీ కంపెనీ అధికారి తన దేశం వెళ్ళిపోతూ అమ్మేస్తే, ఆయన వాటిని ఆటోట్రాలీలో వేయించుకుని తెచ్చారు. నా నడుము దాటిన ఎత్తు, ఇద్దరు మనుషులు మోసే బరువు. వాటికి చోటు కావాలని నా టేబుల్‌ని వంటింటి బాల్కనీలోకి, బట్టలుతికే రాయి పక్కకి జరిపారు. "నీకు ఆఫీసులో టేబులుందిగా, ఇంట్లో ఇంకోటెందుకు?" అన్నారు. మా అత్తయ్య రాజరాజేశ్వరిగారు ఆయన పక్కనే నిలబడి, "మగాడన్నాక ఏదో ఒక సరదా ఉండాలమ్మాయ్. తాగుతున్నాడా, పేకాడుతున్నాడా?" అన్నారు. తాగకపోవడం, పేకాడకపోవడం మా ఇంట్లో ఎన్నిటికి జవాబుగా పనికొచ్చేవో! ఆఫీసు నుంచి ఇద్దరం ఒకే వేళకి వచ్చినా చెప్పులు విప్పి నేను వంటింట్లోకి, ఆయన సోఫాలోకి వెళ్ళడానికి కూడా అదే జవాబు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ స్పీకర్లు మా పాత రిసీవర్ మాట వినలేదు. రిసీవర్ అంటే సినిమా డిస్కులోంచి వచ్చే ధ్వనిని పెద్దది చేసి గదిలోని స్పీకర్లన్నిటికీ పంచే పెట్టె. మాటలు వస్తున్నంతసేపూ బాగానే ఉండేది. యుద్ధమో, పిడుగో వచ్చి గొంతు పెంచగానే టప్పున ఆగిపోయేది. కాసేపు చల్లారాక మళ్ళీ పలికేది.

ఒకరోజు జశ్వంత్‌వాళ్ళ ఆఫీసులో పై అధికారి రామ్మోహనరావుగారు భార్యతో సహా వచ్చారు. సినిమా మంచి పట్టులో ఉండగా అది ఆగిపోయింది. హాలంతా నిశ్శబ్దం. జశ్వంత్ నవ్వుతూ, "మా ఆవిడ దాని మీద ఏ గుడ్డో ఆరేసి ఉంటుంది సార్. ఆడవాళ్ళకి చదునుగా ఏది కనిపించినా బట్టలారేసే దండెమే" అన్నారు. అందరూ నవ్వారు. నేను పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను. నేనూ నవ్వాను. అలా నవ్వడం ఎప్పుడు నేర్చుకున్నానో గుర్తులేదు.

అది ఎందుకు ఆగిపోతోందో నాకు తెలుసు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. నగరానికి ఆ చివర ఒక కంపెనీలో నాలుగేళ్ళు ఆంప్లిఫయర్లు పరీక్షించే బల్ల దగ్గర పనిచేశాను. బహిరంగ సభల్లో, రైల్వే స్టేషన్లలో పెట్టేవి. ఏది ఎక్కడ అలిసిపోతుందో, ఎంత వేడెక్కితే చేతులెత్తేస్తుందో దాని గొంతు విని చెప్పేదాన్ని. బుజ్జి పుట్టాక అంత దూరం బస్సుల్లో వెళ్ళడం కుదరదని మానేశాను. కుదరదని అన్నది నేను కాదు. తర్వాత అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో చేరాను. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కపెడతాయని అందరూ పరేషాన్‌లో ఉన్న రోజులవి. తప్పులు వెతకడమే నా పని. నేను వెతికి పట్టుకున్నదాన్ని మా టీమ్ లీడర్ సాయిచంద్ మీటింగులో "మేము కనిపెట్టాం" అని చెప్పేవాడు. ఆ "మేము"లో నేనెక్కడున్నానో వెతుక్కునేదాన్ని.

కొత్త రిసీవర్ కొనాలని ఆబిడ్స్ వెళ్ళాం. బుజ్జి స్కూలు బూట్లు కూడా కొనాలి కాబట్టి నేనూ వెళ్ళాను. షాపు యజమాని ఈశ్వరయ్య, ముందువైపంతా లైట్లు మెరిసే ఒక పెట్టె చూపించాడు.

"గిది చూడుండ్రి సార్. కొత్త మాల్. ఒక్కొక్క స్పీకర్‌కు నూరు వాట్లు. ఇగ మీకు ఫికరే లేదు."

జశ్వంత్ దాని చుట్టూ తిరుగుతూ మీటలన్నీ నొక్కి చూస్తున్నారు. నేను ఒక మూల పట్టుకుని ఎత్తి చూశాను. అట్టపెట్టెలా లేచింది.

"నాలుగు ఓముల స్పీకర్లు తగిలిస్తే, అన్నీ ఒక్కసారి మోగుతుంటే, అప్పుడెన్ని వాట్లు ఇస్తుందండీ?" అని అడిగాను.

ఈశ్వరయ్య నన్ను చూడలేదు. జశ్వంత్‌నే చూస్తూ, "మేడం ఏమడుగుతుండ్రు సార్?" అన్నాడు.

"ఏం లేదులే. సంయుక్తా, నువ్వు కాసేపు అలా కూర్చో. కాళ్ళు నొప్పులంటున్నావుగా" అన్నారు జశ్వంత్.

నేను కాళ్ళు నొప్పులని అనలేదు. అయినా వెళ్ళి కూర్చున్నాను. చల్లటి కూల్‌డ్రింక్ సీసా ఒకటి తెచ్చి ఇచ్చారు. బుజ్జి సగం తాగింది. ఏమనుకున్నారో, ఆయన ఆ రోజు కొనకుండానే బయటికి వచ్చారు.

ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, "ఇందాక షాపులో ఏదో అడిగావే, ఏంటది?" అన్నారు.

గ్యాసు తగ్గించి చెప్పాను. మామూలు స్పీకర్లు ఎనిమిది ఓములు, ఇవి నాలుగు. ఆ అంకె ఎంత తగ్గితే స్పీకరు అంత ఎక్కువ కరెంటు అడుగుతుంది. డప్పు మోగినప్పుడు ఇవి ఇంకా కిందికి దిగుతాయి. పెట్టె మీద రాసే వంద వాట్లు తేలిక స్పీకర్లతో కొలిచిన లెక్క. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది. మోటారు కాలిపోయి, కింద సంపులోంచి మూడో అంతస్తుకి నీళ్ళు మోసిన రోజులు.

"చదునైన నేల మీద బిందె మోసినవాళ్ళందరూ అదే బిందెతో మూడంతస్తులు ఎక్కలేరండీ. బిందె బరువు అదే. మెట్లు అడిగే సత్తువ వేరు. ఈ స్పీకర్లు మెట్లు. మన రిసీవర్‌కి సగంలో ఆయాసం వచ్చి, గుండె ఆగిపోకుండా తనంతట తనే కూర్చుండిపోతోంది. మనకి కావలసింది ఎక్కగలిగినది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదై ఉండాలి, వేడి పోయే రెక్కలు దళసరిగా ఉండాలి, నాలుగు ఓములకి పనికొస్తుందని తయారుచేసినవాళ్ళే చెప్పాలి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఇంకా అడిగారు. మళ్ళీ చెప్పమన్నారు. పెళ్ళైన కొత్తలో కూడా ఆయన అంతసేపు నా మాట వినలేదు. కూర అడుగంటింది. అత్తయ్యగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. నాకు ఎంత సంతోషమేసిందంటే, మాడిన గిన్నె తోముతూ కూడా కూనిరాగం తీశాను. నా మాట వింటున్నారనే అనుకున్నాను. నేర్చుకుంటున్నారని తోచలేదు.

నేను చెప్పినటువంటిదే తెప్పించారు. ముందువైపు రెండే మీటలు, పొయ్యిలాంటి బరువు. ఆయనకి ఆఫీసులో పని ఉందంటే నేనే సెలవు పెట్టి వైర్లు ఒలిచి, ఒక్కొక్క స్పీకర్ దూరం కొలిచి, అన్నీ సమంగా పలికేట్టు సరిచేశాను. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి గొంతు పెంచి విన్నాను. ఆగలేదు. మృదంగం మీద వేలి చివర ఆనిన చప్పుడు కూడా వినిపించింది. నాకు తెలియకుండానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతిలో ఇంకా స్క్రూడ్రైవర్ ఉంది. నా చేతికి ఆ పట్టు దొరికి ఎన్నేళ్ళైంది!

ఆ శనివారం సాయంత్రం రామ్మోహనరావుగారినీ, ఆయన భార్యనీ, మరో ఇద్దరు సహోద్యోగులనూ పిలిచారు. నేను వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. హాల్లో పిడుగులు పడుతున్నాయి, గుర్రాలు పరిగెత్తుతున్నాయి, రిసీవర్ నిబ్బరంగా ఉంది. సినిమా ఆపాక రామ్మోహనరావుగారు, "అద్భుతంగా ఉందయ్యా. ఎలా ఎంచుకున్నావు?" అన్నారు.

జశ్వంత్ గొంతు సవరించుకున్నారు. "అందరూ వాట్లు చూసి మోసపోతారు సార్. చదునైన నేల మీద బిందె మోసినవాళ్ళందరూ అదే బిందెతో మూడంతస్తులు ఎక్కలేరు. ఈ స్పీకర్లు మెట్లు..."

బజ్జీ నూనెలోనే ఉండిపోయింది. ఒక్క మాట పొల్లు పోకుండా, నేను ఆగిన చోటే ఆగుతూ చెబుతున్నారు. ఆయాసం, గుండె ఆగిపోవడం, అన్నీ. ఆ వేసవిలో నేను రెండో అంతస్తు మలుపులో బిందె దించి గోడకానుకున్నప్పుడు, ఆయన పైనుంచి "ఇంకా ఎంతసేపు?" అని కేకేయడం మాత్రం అందులో లేదు.

"భలే పోలిక!" అన్నారెవరో. రామ్మోహనరావుగారు "జశ్వంత్, గచ్చిబౌలిలో మనం ఆడియో పరికరాలు పరీక్షించే విభాగం మొదలుపెడుతున్నాం. ఇది తెలిసిన మనిషి కోసమే వెతుకుతున్నాను. నువ్వు తీసుకుంటావా?" అన్నారు.

"తప్పకుండా సార్."

"అయితే ఒకటి చెప్పు. రెండు పెట్టెల మీదా వంద వాట్లనే ఉంది. ఏది మెట్లెక్కుతుందో, ఏది ఎక్కలేదో పరీక్షలో ఎలా తేలుస్తావు?"

"ఒక్క నిమిషం సార్, మంచినీళ్ళు తెస్తాను" అని వినిపించింది. ఈ ఇంట్లో ఆయన మంచినీళ్ళు తేవడం అదే మొదలు.

వంటింట్లోకి వచ్చి నా చెవి దగ్గర, "అదెలా తేలుస్తారు? త్వరగా చెప్పు" అన్నారు. నుదుటి మీద చెమట.

ఆయన్ని చూస్తే జాలేసింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను కూడా. ఇన్నేళ్ళూ అదే చేశానుగా, ఆఫీసులోనూ ఇంట్లోనూ, అడిగినవాళ్ళ చేతిలో పెట్టి పక్కకి తప్పుకోవడం. స్టవ్ ఆపేశాను. కొంగుతో చేతులు తుడుచుకున్నాను.

"నేనొచ్చి చెప్తానండీ."

"వద్దొద్దు, అందరూ ఉన్నారు. నాకు చెప్పు చాలు."

నేను ఆయన పక్కనుంచి హాల్లోకి నడిచాను. "స్పీకర్ల బదులు నాలుగు ఓముల రెసిస్టర్లు తగిలించాలి సార్. అన్ని చానెళ్ళకీ ఒకేసారి. స్వరం పంపిస్తూ గంటలకొద్దీ నడపాలి. ఆసిలోస్కోప్ తెర మీద ధ్వని అల పైభాగం ఎక్కడ చదునైపోతుందో చూడాలి. శక్తి అక్కడితో సరి. దాంతోపాటు ఎంత వేడెక్కుతోందో కూడా చూస్తూ ఉండాలి. నేను నాలుగేళ్ళు చేసిన పని అదే."

వెనకాలే వచ్చిన జశ్వంత్ నవ్వబోయి, "మా ఆవిడకి కూడా కొంచెం తెలుసు సార్, నేను చెబుతుంటాను కదా" అన్నారు.

మూల కుర్చీలో బుజ్జికి జడ వేస్తున్న అత్తయ్యగారు అప్పుడు తలెత్తారు. ఆవిడకి కొడుకును తక్కువ చేయాలని లేదు, నన్ను పొగడాలనీ లేదు. ఉన్నది ఉన్నట్టు అనేశారు. "నువ్వెక్కడ చెప్పావురా? ఆ రోజు కూర మాడేదాకా అమ్మాయే కదా చెప్పింది. ఆ బిందెలు మోసింది కూడా అదే. నువ్వెప్పుడు మోశావు?"

రామ్మోహనరావుగారి భార్య చటుక్కున నావైపు చూసింది. తర్వాత అందరూ బజ్జీల గురించి మాట్లాడారు.

మర్నాడు పొద్దున్న జశ్వంత్, "నువ్వు బయటికి రావాల్సింది కాదు" అన్నారు.

"మీరే కదండీ అడిగింది?"

"నాకు చెప్పమన్నాను. వాళ్ళకి కాదు."

కోపంగా కూడా అనలేదు. రోజూ అనే మాటలాగే అన్నారు. ఆయన చాలాసేపు ఇంకేదో మాట్లాడుతూనే ఉన్నారు, పరువని, సంసారమని. నాకు ఆ రెండు వాక్యాలు తప్ప ఏవీ వినపడలేదు. మా పెళ్ళి అంతా వాటిలో ఉంది. నేను చివరిదాకా విని, "గచ్చిబౌలి ఉద్యోగానికి నేను వెళ్తున్నానండీ" అన్నాను.

ఆ వారంలోనే ఇంటర్వ్యూకి వెళ్ళాను. రామ్మోహనరావుగారు మరో ఇద్దరితో కలిసి చాలాసేపు ప్రశ్నలడిగారు. అన్నిటికీ చెప్పాను. చివర్లో ఆయన ఇబ్బందిగా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "జశ్వంత్ ఒప్పుకున్నాడా అమ్మా? ఇంట్లో అడిగారా?" అన్నారు.

"చెప్పాను సార్," అన్నాను. "అడగలేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నావైపు చూశారు. ఎప్పటినుంచి రాగలరని అడిగారు.