కుడిచెవి కథ, ఎడమచెవి కథ

మా కుట్టుషాపులో మూడు మిషన్లు, ఇద్దరు వదినలు, ఒకే ఒక్క కిటికీ ఉన్నాయి. కిటికీ కింద కూర్చునేది నేను. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, హుక్కులు వేయడం నా పని. అందుకే నన్ను ఇంట్లో కూడా గుండీ అనే పిలుస్తారు. నాకు కుడివైపు మిషను మీద పెద్దన్నయ్య భార్య, ఎడమవైపు మిషను మీద చిన్నన్నయ్య భార్య. ఇద్దరు తోడికోడళ్ళ మధ్య ఆడపడుచు కూర్చుంటే షాపు ఎలా నడుస్తుందని అడిగేవాళ్ళున్నారు. నడుస్తోంది, నేను ఉండబట్టే నడుస్తోంది.

ఎందుకంటే వాళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు.

"గుండీ, పెద్ద కత్తెర ఆవిడ దగ్గరుందేమో అడుగు" అంటుంది చిన్నొదిన. కత్తెర పెద్దొదిన చేతిలోనే, ముగ్గురి కళ్ళ ముందే ఉంటుంది.

"ఈ మెడ కత్తిరించడం అయ్యాక ఇస్తానని ఆవిడకి చెప్పు" అంటుంది పెద్దొదిన.

"అయ్యాక ఇస్తుందిట" అంటాను నేను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే వరస. కబుర్లు మోసే పావురాన్ని కూడా ఎవరూ ఇన్నిసార్లు తిప్పి ఉండరు.

గొడవ వచ్చింది పాంట్ల దగ్గర. మూడేళ్ళ కిందట బ్యాండువాళ్ళ పాంట్లు ఇరవై రెండు, పొడుగు తగ్గించమని వచ్చాయి. గుమ్మం దగ్గర కొలత తీసి చెప్పింది పెద్దొదిన, లోపల కత్తిరించింది చిన్నొదిన. తీరా వేసుకుని చూస్తే పిక్కలు సగం బయటికొచ్చాయి. ఆ ఆదివారం ఇరవై ఇద్దరు పెద్దమనుషులు బూరాలు ఊదుకుంటూ, పిక్కలు ఊపుకుంటూ వీధి పొడుగునా నడిచారు. "మూడంగుళాలని గొంతు చించుకుని చెప్పాను" అని పెద్దొదిన. "ఏడని నా చెవులారా విన్నాను" అని చిన్నొదిన. కత్తిరించిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు, ఆ రోజుతో చిన్నొదిన నోట "అక్కా" అన్న పిలుపు కూడా పోయింది. ఈ విషయంలో నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ కిమ్మనలేదు.

మాటలు పోయాయి కానీ కథ పోలేదు. గొడవకి నెల ముందే ఇద్దరూ ఫోనులో ఒక పెద్ద కథ వినడం మొదలుపెట్టారు. రాజ్యాలు, శాపాలు, మాట్లాడే గుర్రాలు, తల తెగినా అరపేజీ ఉపన్యాసం ఇచ్చే వీరులు. మొత్తం పదిహేను భాగాలు. గొడవ నాటికి రెండో భాగంలో ఉన్నారు. యువరాజు కొండ అంచున ఒంటిచేత్తో వేలాడుతున్నాడు. అలాంటి సమయంలో మనుషులు విడిపోతే మాత్రం కథ ఎలా వదులుతారు? ఉన్నది చిన్నన్నయ్య తెచ్చిన ఒకే జత ఇయర్‌బడ్స్. గిరాకీ వస్తే వినపడాలి కాబట్టి ఎవరికైనా ఒక చెవి ఖాళీగా ఉండాల్సిందే. అందుకని కుడిది పెద్దొదిన కుడిచెవికి, ఎడమది చిన్నొదిన ఎడమచెవికి. ఫోను నా బల్ల మీద. నాకు చెవి దక్కలేదు, ఛార్జింగు పెట్టే పని దక్కింది.

ఆ రచయితెవరో నాకు తెలియదు గానీ తీరిక ఉన్న మనిషి. ఆరో భాగమంతా ఒక బురదనేల దాటడమే. తొమ్మిదిలో ఒక విందు జరిగితే మూడు రోజులు వడ్డించారు. మా వదినలు ఆ మూడు రోజులూ నేను తెచ్చిన అన్నం డబ్బాలు తెరవడమే మరిచిపోయారు. ఆ కథంటే ఇద్దరూ చెవి కోసుకుంటారు. కథ గురించైతే నా అవసరం లేకుండా నేరుగా మాట్లాడుకుంటారు, అంటే నేరుగా దెబ్బలాడుకుంటారు.

"ఆ నల్లకోట రాణిది ఎంత పొగరో! యువరాజు అంత మర్యాదగా అడుగుతుంటే నోరు విప్పదేం?" అనేది పెద్దొదిన.

"నోరు విప్పనిది యువరాజు. పాపం ఆవిడ అన్ని మాట్లాడితే ఒక్కదానికి జవాబు చెప్పాడా? వట్టి మూగమొద్దు!" అనేది చిన్నొదిన.

"చెవుడా నీకు?"

"నాకా చెవుడు?"

ఇలా మూడేళ్ళు. ఒకే కథ విన్న ఇద్దరు ఇంత అడ్డంగా ఎలా వాదిస్తారో నాకు అంతుబట్టేది కాదు. కానీ సంతోషంగానే ఉండేది. అసలు మాట్లాడుకోకపోవడం కంటే ఇది నయం.

మొన్న చలికాలంలో పెద్దొదిన తేల్చి చెప్పింది, అది కూడా నాతోనే. "గుండీ, ఈ కథ అయిపోగానే షాపు రెండు చేద్దామని ఆవిడతో అను. మధ్యలో ప్లైవుడ్ కొట్టించేద్దాం."

"కొట్టించుకోమను" అంది చిన్నొదిన, ఆలోచించకుండానే.

మధ్యలో అంటే నా బల్ల మీద. వడ్రంగి వచ్చి టేపు పెట్టి చూస్తే గీత సరిగ్గా నా కాజా మిషను నడుము మీంచి పోయింది. కుడివైపు నాకు చోటు లేదు, ఎడమవైపు అంతకన్నా లేదు. కిటికీలో సగం వాళ్ళకి, సగం వీళ్ళకి. "మరి నేను?" అంటే, "అదేమిటే, రెండు వైపులా నీదే కదా" అన్నారు ఒకరి తరవాత ఒకరు. రెండు వైపులా నాదే అంటే ఎటూ నాది కాదని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏడుపొచ్చింది. పదహారేళ్ళుగా ఆ కిటికీ వెలుగులోనే సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

అప్పుడు నేను చేసిన పని చెబితే నవ్వుతారు. వాళ్ళు అన్నానికి లేచినప్పుడల్లా కథని అరగంట వెనక్కి జరిపేదాన్ని. ఒక్కరోజు కూడా ఇద్దరూ పసిగట్టలేదు. "ఈ మాట ఇదివరకు విన్నట్టుందే" అనేది చిన్నొదిన. "ఈయన చెప్పిందే చెబుతాడుగా" అనేది పెద్దొదిన. పద్నాలుగో భాగాన్ని అలా రెండు నెలలు సాగదీశాను. రచయిత పుణ్యమా అని నామీదికి మాట రాలేదు.

కానీ ఏ కథకైనా చివరొకటి ఉంటుంది, ఇంత పొడుగు కథకి కూడా. నిన్న మధ్యాహ్నం పదిహేనో భాగం ఆఖరి అధ్యాయం మొదలైంది. వడ్రంగి ప్లైవుడ్ పలకలు గోడకి ఆనించి, కథ అయ్యేదాకా ఆగమన్నారని స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఎనిమిది సూదులు పెదాల మధ్య బిగించి ఒక కోటుకి చేతులు అతుకుతున్నాను.

రెండు మిషన్లూ ఒకేసారి ఆగిపోయాయి. పెద్దొదిన కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా ఇటు తిరిగింది.

"ఏమందీ?"

"ఎవరు?" అంది చిన్నొదిన. ఆవిడా ఏడుస్తోంది.

"రాణి! ‘నేను సంధికి కబురు పంపిస్తే నువ్వు యుద్ధానికి ఎందుకొచ్చావు’ అని యువరాజు అడిగాడుగా. ఏం చెప్పింది? నాకేం వినపళ్ళేదు."

"యువరాజు అడిగాడా? ఎప్పుడు? నాకు ఆవిడ మాటే వినపడింది. ‘నాకు అందిన కబురు యుద్ధమనే’ అంది. ఎవరితో అందో తెలీలేదు."

తరవాత పెద్దొదిన తన చెవిలోది తీసి చూసింది. చిన్నొదిన తన చెవిలోది తీసింది. మార్చి పెట్టుకున్నారు. ఒక నిమిషం వెనక్కి జరపమని నాకు సైగ చేశారు. జరిపాను, ఆ విద్యలో నేను ఆరితేరినదాన్ని కదా.

సంగతి ఇదీ. ఆ కథని నాటకంలా గొంతులు పెట్టి రికార్డు చేశారు. కథ చెప్పే ఆయన రెండు చెవుల్లోనూ వినపడతాడు. యువరాజు పక్షమంతా కుడిచెవిలో, రాణి పక్షమంతా ఎడమచెవిలో. పెద్దొదిన మూడేళ్ళుగా యువరాజు మాటలే వింది, చిన్నొదిన రాణి మాటలే వింది. పదిహేను భాగాలు, లెక్కలేనన్ని గుర్రాలు, ఒక బురదనేల, అన్నీ సగం సగం.

"అయితే యువరాజు మూగవాడు కాడా?" అంది చిన్నొదిన నీరసంగా.

"ఆవిడకి ఇంత మంచి గొంతుందా!" అంది పెద్దొదిన.

"ఇంతకీ ఆ కబురు తప్పు చెప్పిందెవరు?" అని అడిగాడు వడ్రంగి. అతనికి ఏ చెవిలోనూ ఏదీ లేదు, అయినా ఆసక్తి పుట్టింది.

"దూత. మొదటి భాగంలో వస్తాడు. వాణ్ణి మళ్ళీ ఎవరూ అడగలేదు" అంది పెద్దొదిన.

ఇంత చవకబారు ముగింపు ఎక్కడైనా ఉందా? లోకమంతా తగలబెట్టి, చివరికి నెపం మధ్యవాడి మీద పెడతాడా? ఆ రచయిత మీద నాకు ఒళ్ళు మండిపోయింది. కోటు చెయ్యి మీదికి మరింత వంగాను.

చిన్నొదిన నేల చూస్తూ, మెల్లగా, నాతో కాకుండా నేరుగా అంది. "ఆ రోజు మిషను మోతలో నాకు నీ మాట అందలేదు. ‘ఎంతా?’ అని అరిచాను. ఏడని వినపడింది."

"నువ్వు రెండోసారి అడిగినట్టే నాకు తెలీదు. నేను గుమ్మంలో ఉన్నాను. మూడని ఒక్కసారే చెప్పాను."

"మరి ఏడన్నది ఎవరు?"

నాకు తల ఎత్తాలనిపించలేదు. ఎత్తకుండానే తెలుస్తోంది, కుడివైపు నుంచి రెండు కళ్ళు, ఎడమవైపు నుంచి రెండు కళ్ళు.

"గుండీ" అంది పెద్దొదిన. నేను సూదులు తీయబోతే, "ఉండనీ, తీయకు. మూడు అను" అంది.

పెదాల మధ్య సూదులు బిగించినవాళ్ళకి ‘మ’ పలకదు. పెదాలు కలిస్తే గుచ్చుకుంటాయి. ఆ రోజు చిన్నొదిన అరుపుకి సూదుల మధ్యనుంచి జవాబు చెప్పింది నేనే, అది మిషను మోతలో ఏడై చేరింది. ఈ సంగతి నాకు ఆ బ్యాండువాళ్ళు నడిచిన ఆదివారమే తెలిసింది. మూడేళ్ళుగా ఒక్కదాన్నే మోస్తున్నాను. చెబితే ఇద్దరూ కలిసి నామీద పడతారని భయం, చెప్పకపోతే ఇద్దరికీ నా అవసరం ఉంటుందని సంబరం. ఏది ఎక్కువో అడగకండి.

"ఊడు" అన్నాను.

మొదట వడ్రంగి నవ్వాడు. తరవాత చిన్నొదిన, ఆ తరవాత పెద్దొదిన, మిషను మీద తల ఆనించి, భుజాలు అదిరేలా. నేను మాత్రం ఏడ్చాను. సిగ్గుతోనే ఏడ్చాను, కానీ గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టు కూడా ఉంది.

"ఇంతకీ పలకలు ఎక్కడ కొట్టమంటారమ్మా?" అన్నాడు వడ్రంగి.

వదినలిద్దరూ మూడేళ్ళలో మొదటిసారి ఒకే మాట ఒకేసారి అన్నారు. "దాని బల్ల చుట్టూ."

ఇప్పుడు నాకు మూడు వైపులా ప్లైవుడ్. కిటికీ మాత్రం మొత్తం నాకే వదిలేశారు. అవతల, చెవులు మార్చుకుని, మొదటి భాగం మళ్ళీ మొదలుపెట్టారు. ఫోను కూడా తీసుకుపోయారు.

ఇవాళ పొద్దున "గుండీ, పెద్ద కత్తెర..." అని చిన్నొదిన గొంతు వినపడింది. అలవాటు కొద్దీ లేవబోయాను. మాట మధ్యలో ఆగింది.

"అక్కా, కత్తెర ఇలా ఇయ్యి" అంది.

ఇచ్చినట్టే ఉంది. గుడ్డ కత్తిరిస్తున్న చప్పుడు వినపడింది.