నోరు విప్పకూడదన్న షరతు

కండక్టరమ్మ గొంతు గురించి డిపోలో ఎవర్నడిగినా చెబుతారు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి "ముందుకు జరగండి" అందంటే, డ్రైవర్ కూడా సీట్లో ఓ అంగుళం జరుగుతాడని నవ్వుకుంటారు. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున ఫుట్‌బాల్ మైదానం పక్కన నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది.

అది కూతురు పెట్టిన షరతు. పదిహేడేళ్ల ఆ పిల్ల రిఫరీ పరీక్ష పాసై నెల కూడా కాలేదు. పదేళ్లలోపు పిల్లల మ్యాచ్, తనకి మొదటిది. "వస్తే రా అమ్మా. కానీ ఎవరు నన్నేమన్నా నువ్వు మాట్లాడకూడదు. నువ్వు లేచావంటే ఇంక నా మాట ఎవరూ వినరు," అంది షూ లేసులు బిగించుకుంటూ. తల్లి సరేనంది.

పక్కనే టైల్స్ షాపాయన. ఆయన కొడుకు ఎర్ర చొక్కాల జట్టులో ఉన్నాడు. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఆయన నోటికి తాళం లేదు. "కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా అమ్మాయ్? పిల్లకాకిని పంపితే ఇంతే మరి." అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "పరిగెత్తరా మొద్దూ" అని కొడుకునీ వదల్లేదు. ఆ పిల్లాడు బంతి కాలికి తగిలినప్పుడల్లా ముందు నాన్న వైపు చూసేవాడు. ఆ చూసేలోపు బంతి ఎవరో ఎగరేసుకుపోయేవాళ్లు.

కాసేపటికి గోల్ ముందు బంతి వాడి చేతికి తగిలింది. విజిల్, పెనాల్టీ. షాపాయన అంతెత్తున లేచాడు. ఆయనతో ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. పిల్లాడు ఉన్నచోటే కూలబడి ఏడుపందుకున్నాడు. కండక్టరమ్మ నీళ్ల సీసాని పీక పిసికినట్టు పట్టుకుంది గానీ లేవలేదు.

రిఫరీ గడియారం ఆపింది. ముందు పిల్లాడి దగ్గర గొంతుక్కూర్చుని, "నువ్వు కావాలని చెయ్యలేదు, నాకు తెలుసు. అయినా చెయ్యి బయటికి చాచి ఉంది కాబట్టి ఆటలో ఇది పెనాల్టీయే. లేస్తావా?" అంది. వాడు ముక్కు తుడుచుకుని లేచాడు. అప్పుడు ఎర్ర జట్టు కోచ్ దగ్గరికి నడిచింది.

"సర్, మీవాళ్లు తగ్గాలి. అప్పటిదాకా ఆట మొదలుపెట్టను."

"ఆయన తీరే అంతమ్మా. మనసులో ఏమీ ఉండదు."

"ఉండకపోవచ్చు సర్. కానీ బయటికి వచ్చేదే కదా పిల్లలకి వినపడేది."

ఆమె బొటనవేలు విజిల్ తాడుని నలుపుతూ ఉంది. అది భయమని అక్కడ తల్లికి ఒక్కదానికే తెలుసు. అయినా పిల్ల అడుగు వెనక్కి వెయ్యలేదు. మైదానమంతా ఎదురుచూసింది. చివరికి కోచ్ వచ్చి షాపాయన భుజం మీద చెయ్యేసి, "అన్నా, కాసేపు ఆ కంచె దగ్గర నిలబడు," అన్నాడు. ఆయన గొణుక్కుంటూనే వెళ్లాడు.

రెండో సగంలో పిల్లాడు నాన్న వైపు చూడటం మానేశాడు. ఎర్ర జట్టు ఓడిపోయింది గానీ, వాడు రెండుసార్లు గోల్ పడకుండా బంతిని ఆపాడు. రెండోసారి ఆపినప్పుడు ఎదుటి నీలం చొక్కాల జట్టు తల్లులూ చప్పట్లు కొట్టారు.

ఆట అయ్యాక షాపాయన తిరిగొచ్చి, మాట కలపాలని, "మీవాడు ఏ జట్టండీ?" అన్నాడు.

"ఏ జట్టూ కాదు. ఆ రిఫరీ నా కూతురు."

ఆయన మొహంలో రంగులు మారాయి. "ఇంతసేపూ ఒక్క మాటైనా అనలేదేంటమ్మా?"

"అననని దానికి మాటిచ్చాను. అదే నా బస్సులో అయితే తర్వాతి స్టాపులోనే దింపేసేదాన్ని."

ఆయన నవ్వబోయి మానేశాడు. కొడుకు చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకి వెళ్లాడు. "రిఫరీగారూ, తప్పు నాది," అన్నాడు. తర్వాత కొడుకు వైపు వంగి మెల్లగా ఏదో చెప్పాడు. అదేమిటో కండక్టరమ్మకి వినపడలేదు. పిల్లాడు మాత్రం నవ్వాడు.

కూతురు చెమట తుడుచుకుంటూ వచ్చింది. "వచ్చే ఆదివారం రెండు మ్యాచులిచ్చారమ్మా."

"డ్యూటీ మార్పించుకుంటాలే," అంది తల్లి.

మర్నాడు డిపోలో ఈ కథ వినని మనిషి లేడు. టైమ్ కీపర్ రెండుసార్లు విన్నాడు.