పువ్వుకి పది పుంజులు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఇంకాస్త. ఆ ఫోను అవతల పెట్టు, దానికేం కాళ్లు రావులే. ఇవాళ మీకో కోడిపందెం సంగతి చెబుతాను. పోలీసులొచ్చి పట్టుకోని పందెం అది. నెత్తురు చుక్క కిందపడని పందెం. ఇద్దరు వియ్యపురాళ్లు పట్టుచీరలు కట్టుకుని, పేరంటాళ్లందరూ చూస్తుండగా వేసుకున్న పందెం.

మాణిక్యాంబ గారిది తుని. మనిషి గుమ్మడిపండులా గుండ్రంగా ఉంటుంది, నవ్విందంటే పక్కింటి పిల్లి ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. ఆవిడ కొడుకు శరత్‌చంద్రకి పెనుగొండ దగ్గర అప్పాజీ గారి కూతురు అలేఖ్యనిచ్చి చేశారు. ఆ పిల్ల కాలేజీలో చెట్ల పాఠాలు చెబుతుంది. ఆ పిల్లకి ఆడపిల్ల పుట్టింది. పురుడు పుట్టింట్లో, బారసాలా పుట్టింట్లోనే. అందుకని ఈవిడ తెల్లారకుండానే రైలెక్కి, నిడదవోలులో దిగి, ఆటో మాట్లాడుకుని బయల్దేరింది.

దారి పొడుగూతా ఒకటే జపం. "సీతారామలక్ష్మి, సీతారామలక్ష్మి." వాళ్లమ్మ పేరు. అమ్మ పోయాక ఆ అమ్మని పిలిచే పిలుపే ఇంట్లో లేకుండా పోయింది. మనవరాలికి ఆ పేరు పెట్టుకుంటే పొద్దున లేస్తూనే నోరారా పిలుచుకోవచ్చు, అమ్మ మళ్లీ ఇల్లంతా తిరుగుతున్నట్టుంటుంది. అంతే ఆవిడ కోరిక. మేడలడిగిందా, మాన్యాలడిగిందా?

ఆటో దిగి తలెత్తి చూసిందో లేదో, కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి. వాకిట్లో తురాయి చెట్టు!

వైశాఖమాసం ఎండకి తక్కిన చెట్లన్నీ తలలు వాల్చేస్తాయా, ఈ తురాయికి మాత్రం అప్పుడే పెళ్లికళ వస్తుంది. ఆకన్నది కనపడకుండా కొమ్మకొమ్మా విరగబూసి, గొడుగులా వాకిలంతా కమ్మేసింది. పందిరి మీద ఎరుపు, గచ్చు మీద ఎరుపు, నీళ్ల గోలెంలో ఎరుపు, పాకలోంచి వీపు బయట పెట్టుకుని నిలబడ్డ గేదె మీద కూడా ఎరుపే. మాణిక్యాంబ వంగి ఒక పువ్వు తీసుకుంది. నాలుగు రేకులు నిప్పుకణికలు. ఐదోది మాత్రం వేరే తల్లి కన్నట్టు, తెల్లగా, కాస్త పెద్దగా, ఒంటి నిండా ఎర్రటి గీతలూ చుక్కలూ. చిన్నప్పుడు ముందుగా నోట్లో వేసుకునేది ఆ రేకే కదూ, పుల్లపుల్లగా! అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. గుటుక్కున మింగేసింది.

"బాగుందా వదినగారూ? కాఫీ కూడా ఇస్తాం లెండి," అంది గుమ్మంలోంచి ఓ గొంతు.

వియ్యపురాలు లక్ష్మీదుర్గ. సన్నగా, పొడుగ్గా, కొబ్బరిచెట్టుకి చీర కట్టినట్టుంటుంది. నవ్వు పెదాల మీదకి రాకుండా కళ్లలోనే దాచుకునే మనిషి.

సరే, పందిట్లో ఉయ్యాల కట్టారు. పేరంటాళ్లు చేరారు. పళ్లెంలో బియ్యం పరిచి, శరత్‌చంద్ర చేతికి ఉంగరమిచ్చి, "పేరు రాయి నాయనా," అన్నారు పురోహితుడు చలపతి గారు.

"సీతారామలక్ష్మి," అంది మాణిక్యాంబ.

"వెంకటదుర్గ," అంది లక్ష్మీదుర్గ.

రెండూ ఒక్కసారే. ఉంగరం గాల్లో ఆగిపోయింది.

"మా అమ్మ పేరండీ వదినగారూ," అంది మాణిక్యాంబ. "మగపిల్లాడి తరఫువాళ్లం. పేరు మాది కావాలి."

"నాదీ మా అమ్మ పేరేనండీ. పురుడు పోసిందాన్ని నేను, రాత్రుళ్లు కునుకు లేందాన్ని నేను. పేరు మాత్రం తుని నుంచి వస్తుందా, మామిడిపళ్ల బుట్టలాగా?"

"పోనీ రెండూ కలిపి రాసేయనా?" అన్నాడు శరత్‌చంద్ర పాపం.

"ఆధార్ కార్డు చాలదురా, పక్కవాడి కార్డు కూడా అడగాలి," అంది వాళ్లమ్మ.

ఎవరూ తగ్గట్లేదు. లోపల పీట మీద కూర్చున్న అలేఖ్య తల పట్టుకుంది. అప్పుడు, చూడండి, చెట్టు మీంచి ఓ పువ్వు పందిరి సందులోంచి గిరగిరా తిరుగుతూ వచ్చి సరిగ్గా బియ్యంలో పడింది. మాణిక్యాంబ దాన్ని తీసేద్దామనే చెయ్యి పెట్టింది. కానీ వేళ్లకి వాటి బుద్ధి వాటికుంటుంది కదర్రా! పువ్వు తీసిన వేళ్లు ఊరుకోక మధ్యలోంచి ఓ కేసరం లాగేశాయి. ఎర్రటి దారం, చివర వంచిన తలకాయ, అచ్చం మెడ వంచిన పుంజు. తురాయి పువ్వుకి అలాంటివి పది. మెడకి మెడ తగిలించి లాగితే ఎవరిది తల తెగిపడితే వాళ్లు ఓడినట్టు. ఈ ఆట ఆడని చిన్నతనం గోదావరి పక్కన ఎవరికుంది?

"వేస్తారా వదినగారూ పందెం?" అంది మాణిక్యాంబ. "చెరో పువ్వు. పదికి పది. ఓడినవాళ్లు మళ్లీ నోరెత్తకూడదు."

లక్ష్మీదుర్గ కొంగు నడుంలో దోపింది. "మా వీధిలో నా పుంజు తల తెంపినవాడు ఇంకా పుట్టలేదండీ."

ఇక అప్పాజీ గారు ఆగుతారా? పందెం అన్న మాట వింటే అన్నం ముందునుంచి లేచిపోయే మనిషి. కుర్చీ ఎక్కేశారు. "రండి బాబూ రండి! ఇటు తుని డేగ! అటు పెనుగొండ డేగ!"

"రెండూ డేగలేనా అండీ?" అని ఎవరో అన్నారు.

"ఎర్ర పుంజంటే డేగే కదండీ! అన్నీ ఎర్రగానే ఏడిస్తే నేనేం చెయ్యనండీ? చెట్టునడగండి!"

లక్ష్మీదుర్గ కొమ్మ వంచి అప్పుడే విచ్చిన పువ్వు కోసుకుంది. మాణిక్యాంబ మాత్రం నేల మీద వెతికి వెతికి కాస్త వాడిన పువ్వు ఏరుకుంది. పచ్చిది పుటుక్కున తెగుతుంది, వాడినదానికి మెడ సాగుతుందని ఆవిడ లెక్క. అయినా మొదటి పుంజు పోయింది, రెండోదీ పోయింది. మూడోది గెలిచింది. ఆవిడ గెంతిన గెంతుకి పందిరి ఊగి, దాని మీద పూలు కాసిని ఉయ్యాల్లో కూడా పడ్డాయి. పాప కదల్లేదు.

"గోరు పెట్టారు! నేను చూశాను!" అని లక్ష్మీదుర్గ.

"గోరా? నాకు గోళ్లెక్కడివండీ, అంట్లు తోమే చేతులు! మీరే మెలిపెట్టి లాగారు!"

"మా వైపు మెలిపెట్టొచ్చు."

"మీ వైపు ఉమ్ము కూడా రాస్తారేమో!"

పేరంటాళ్లు రెండు జట్లయిపోయారు. చలపతి గారు కూడా పంచె సర్దుకుని ముందుకి వంగారు. "మెడకి మెడ సరిగ్గా తగిలించండమ్మా, వర్జ్యం వచ్చేస్తోంది." ఇద్దరి ముక్కుల మీదా పుప్పొడి. బొట్లు చెదిరాయి. పట్టుచీరల నిండా తెగిన తలకాయలు. ఒకరు గెలిస్తే ఒకరు, ఒకరు గెలిస్తే ఒకరు, అలా చివరికి చెరొకటి మిగిలింది.

మాణిక్యాంబ కళ్లు మూసుకుంది. అమ్మా, అనుకుంది. లాగింది.

టప్! రెండు తలకాయలూ ఒక్కసారే ఎగిరాయి. ఒకటి హారతి పళ్లెంలో పడింది, రెండోది అప్పాజీ గారి మీసంలో చిక్కుకుంది. ఎవరూ గెలవలేదు.

మాణిక్యాంబ మొహం చూడాలి అప్పుడు. చేతిలో రేకులూడిన పువ్వు, దాని నడిమధ్య ఒకే ఒక్క కాడ నిలబడి ఉంది. "ఇదుంది కదా! ఇంకా నాకు ఇదుంది!" అంది ఆశగా.

"అది పుంజు కాదు, పెట్టండీ!" అని లక్ష్మీదుర్గ ఒక్క అరుపు అరిచింది. "తలకాయ లేదు, ఏం లేదు. పెట్టని పందెంలో దింపుతారా ఎక్కడైనా?"

లోపల అలేఖ్యకి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, గోడ పట్టుకుని, మెల్లిగా పందిట్లోకి వచ్చింది. అత్తగారి చేతిలోంచి ఆ పువ్వు తీసుకుంది.

"అత్తయ్యా, అమ్మా, మీ పుంజులన్నీ పోయాయా?"

"పోయాయే," అన్నారిద్దరూ, బడిపిల్లల్లాగా.

"అవి పోయేవేనమ్మా. రేకులతోపాటే ఎండి రాలిపోతాయి. కొమ్మ పట్టుకుని నిలబడేది ఈ పెట్ట. దీని పొట్టలోనే గింజలుంటాయి. ఇదే సాగి సాగి మూరెడు కాయవుతుంది. చిక్కుడుకాయ ఎలాగో ఇదీ అలాగే, చుట్టాలే అవి. మీరు చిన్నప్పుడు కత్తులని తిప్పలేదూ, ఆ నల్లటి కాయలు?" అని ఉయ్యాల వైపు చూసింది. "పిల్లని కన్నదాన్ని నేను. నన్నొక్కరూ అడగలేదు. పేరు పెట్టేది పెట్టే!"

పందిట్లో ఒకటే నవ్వులు! గేదె కూడా తలెత్తి చూసింది. లక్ష్మీదుర్గ దాచుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడిపోయి, పడిపోకుండా వియ్యపురాలి భుజం పట్టుకుంది.

మాణిక్యాంబ కూడా నవ్వింది గానీ, కళ్లలో నీళ్లు తిరిగాయి. అలేఖ్య చూసింది.

"అత్తయ్యా, అమ్మమ్మగారిని మీ ఇంట్లో సీతారామలక్ష్మీ అని పిలిచేవారా?"

"అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారే? పిలుపు పూర్తయ్యేలోపు మనిషి సంతకెళ్లి వచ్చేస్తుంది. అందరూ పాపాయి అనేవారు. చివరిదాకా పాపాయే."

"ఏంటీ?" అని లక్ష్మీదుర్గ గుండె మీద చెయ్యేసుకుంది. "పాపాయి మా అమ్మండీ!"

"మా అమ్మండీ!"

"వెంకటదుర్గని రేషన్ కార్డులో! ఊరందరికీ మా అమ్మే పాపాయి!"

మళ్లీ మొదలెట్టేలా ఉన్నారని అలేఖ్య ఇద్దరి చేతులూ పట్టుకుంది. "రాయండి," అంది మొగుడితో. "పాపాయి."

శరత్‌చంద్ర ఉంగరంతో బియ్యంలో రాసేశాడు, మళ్లీ ఎవరైనా మాట్లాడేలోపు. చలపతి గారు ఊపిరి పీల్చుకుని, "ఉత్తరా నక్షత్రం, మూడో పాదం. అక్షరం కూడా 'పా' అనే వస్తుంది. నన్నెవరు అడిగారు గనక!" అన్నారు.

మాణిక్యాంబ ఉయ్యాల మీదకి వంగింది. అన్నేళ్లుగా గొంతులో ఉండిపోయిన పిలుపు. నోరారా పిలిచింది.

"పాపాయీ!"

అంత రభసకీ లేవని పిల్ల, ఆ పిలుపుకి కళ్లు తెరిచి, నోరంతా తెరిచి, తుని దాకా వినపడేలా ఏడుపు లంకించుకుంది. "అమ్మ కూడా ఇంతేనే, లేపితే ఊరుకునేది కాదు!" అని ఈవిడ గంతులేసింది.

ఇదీ సంగతి. తురాయి పూసిన రోజుల్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండర్రా, మర్చిపోకండి. నాకు గుర్తులేనివి మీరు కలుపుకోండి, ఎక్కువైతే కోసేయండి. పెట్ట సంగతి మాత్రం వదలకండి.